బ్రోడాల్ వేళ్లు, విక్రమాదిత్య కుర్చీ

1972 ఏప్రిల్‌లో నార్వే దేశపు నాడీ శరీరశాస్త్రజ్ఞుడు ఆల్ఫ్ బ్రోడాల్‌కు పక్షవాతం వచ్చింది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. అప్పటికి ఆయనకు 62 ఏళ్లు. మెదడులో ఏ నరాల కట్ట ఎక్కడ పుట్టి ఎటు పోతుందో వెతకడంలోనే జీవితం గడిపినవాడు. మంచాన పడ్డాక కూడా ఆ అలవాటు మానలేదు. తన చేతికి ఏం జరుగుతోందో గమనించుకుంటూ వచ్చి, మరుసటి ఏడాది 'బ్రెయిన్' అనే వైద్య పత్రికలో ఇరవై పేజీల వ్యాసం రాశాడు.

2016 మార్చి 25న 'ఊపిరి' సినిమా విడుదలైంది. దర్శకుడు వంశీ పైడిపల్లి. కోటీశ్వరుడు విక్రమాదిత్యగా నాగార్జున, ప్రమాదంలో మెడ కింద చలనమంతా పోయి చక్రాల కుర్చీలో ఉంటాడు. పెరోల్ మీద బయటికి వచ్చిన శీనుగా కార్తీ, అతణ్ని చూసుకునే పనికి కుదురుతాడు. 2011 నాటి ఫ్రెంచి సినిమా 'ఇంటచబుల్స్' దీనికి మూలం. ఆ ఫ్రెంచి సినిమాకు మూలం ఫిలిప్ పోజో ది బోర్గో జీవితం. 1993లో పారాగ్లైడింగ్ చేస్తూ పడిపోయి, మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిన్న మనిషి ఆయన.

ఒకటి శాస్త్రవ్యాసం, మరొకటి వినోదచిత్రం. ఒకటి మెదడు దెబ్బ, మరొకటి వెన్నుపాము దెబ్బ. ఈ రెండింటినీ ఒకే బల్ల మీద పెట్టడం న్యాయమేనా అని అడగవచ్చు. నన్ను ఆ పనికి పురికొల్పినవి కర్నూలు, కడప జిల్లాల ఇండ్లు. 'ఊపిరి'ని టీవీలో చూడని ఇల్లు ఇక్కడ తక్కువ. బ్రోడాల్ పేరు విన్న ఇల్లు ఉండకపోవచ్చు. పడిపోయిన మనిషి ఎలా ఉంటాడు అన్న ఊహ మనకు సినిమాల నుంచి వచ్చింది, ఆ ఊహలో దేహం కదలకుండా, మెత్తగా, నిశ్శబ్దంగా ఉంటుంది. ఇంట్లో నిజంగా మంచం మీదున్న దేహం అలా ఉండదు. అది బిగుసుకుంటుంది, గుంజుకుంటుంది, నడిరాత్రి మోకాలు పొట్టకు తగిలేలా ముడుచుకుంటుంది. డాక్టర్లు స్పాస్టిసిటీ అనే ఆ బిగుతుకు మన కథల్లో చోటు లేదు. ఆ చోటు లేకపోవడం వల్ల ఇండ్లలో జరుగుతున్న నష్టం చిన్నది కాదు.

ముందు బ్రోడాల్ దగ్గరికి పోదాం, ఎందుకంటే ఆయన దగ్గర తీసుకోవలసింది ఎక్కువ.

ఆయన రాసినవాటిలో నన్ను ఎక్కువసేపు ఆపినది మెడకు కట్టుకునే బో టై సంగతి. అంతకుముందు రోజూ ఆలోచించకుండానే కట్టుకునేవాడు. పక్షవాతం తర్వాత వేళ్లలో కొంత బలం తిరిగి వచ్చాక కూడా ముడి పడలేదు. తర్వాతి కదలిక ఏమిటో వేళ్లకే తెలియనట్టు అనిపించిందని రాశాడు. బలం తగ్గడం ఒక లోపం, వరుస తప్పడం మరొక లోపం అని ఆయన అక్కడ విడదీశాడు. మన దగ్గర పక్షవాతం వచ్చిన మనిషి చొక్కా గుండీ పెట్టుకోలేక నిలబడితే 'ఇంకా బలం రాలేదు' అంటాం, బలానికి మందు అడుగుతాం, నాటుకోడి పులుసు పెడతాం. గుండీ పెట్టడమనే పనిని గుండీ పెడుతూ పెడుతూనే మళ్లీ నేర్చుకోవాలన్న సంగతి మన లెక్కలోకి రాదు.

రెండోది శ్రమ. చచ్చుబడిన కండరాన్ని కాస్త కదిలించడానికి ఎంత మనోబలం పెట్టాల్సి వచ్చిందో బ్రోడాల్ చెబుతాడు. చిటికెడు కదలికకు కొండంత ప్రయత్నం, ఆ తర్వాత ఒళ్లంతా అలసట. బయటినుంచి చూసేవాళ్లకు కనబడేది ఆ చిటికెడు కదలిక మాత్రమే. మా వైపు ఇండ్లలో తరచుగా వినబడే మాట, 'ఫిజియో వచ్చినప్పుడు బాగానే ఎత్తుతాడు, మేం చెబితే ఎత్తడు, బద్ధకం' అని. ఆ మాట అన్న భార్యనో కొడుకునో తప్పుపట్టను, వాళ్లకు వేరే సంగతి ఎవరూ చెప్పలేదు. చేయి ఎత్తమన్న రెండోసారికే ఆ మనిషి ముఖం తిప్పుకుంటే అది అలసట అని చెప్పడానికి, మెదడు గురించి తెలిసినవాడే పక్షవాతానికి గురై రాసిన సాక్ష్యం ఇది. ఇంతకన్నా గట్టి సాక్ష్యం దొరకడం కష్టం.

మూడోది, నా దృష్టిలో అన్నిటికంటే ఉపయోగమైనది. ఫిజియోథెరపిస్టు తన చేతిని పట్టుకుని ఒక కదలికను చేయించాక, అదే కదలికను తాను సొంతంగా చేయడం తేలికైందని బ్రోడాల్ గమనించాడు. చెయ్యి తిరిగిన దారి నుంచి మెదడుకు వార్త అందింది, ఆ వార్తతో ప్రయత్నం సరైన దారి పట్టింది అని ఆయన అర్థం చేసుకున్నాడు. కోలుకోవడంలో పక్కమనిషి చేతికి ఉన్న పని ఏమిటో దీనివల్ల తెలుస్తుంది. రోగి గోడవైపు చూస్తుంటే, మర్దన చేసే మనిషి ఫోనులో మాట్లాడుతుంటే, చేతికి నూనె పట్టినా మెదడుకు వార్త పట్టదు.

ఇంకొకటి కూడా ఉంది. ఆయన రాసే చెయ్యి కుడిది, దెబ్బ తగలనిది. అయినా చేతిరాత మారిపోయింది, అక్షరాలు తప్పాయి, కొన్ని రెండుసార్లు పడ్డాయి. మనం 'మంచి పక్క' అనుకునేది కూడా పూర్తిగా మునుపటిలా ఉండదని దాని అర్థం. ఎక్కువసేపు చదవడం, మెలికలున్న వాదాన్ని పట్టుకోవడం, మనసు నిలపడం కూడా కష్టమయ్యాయని ఒప్పుకున్నాడు. ప్రొఫెసర్ ఒకడు ఈ మాట అచ్చులో పెట్టడానికి ధైర్యం కావాలి.

ఇప్పుడు ఇండ్లలోకి వద్దాం. చింతకాయలు దులుపుతూ కొమ్మ విరిగి పడినవాళ్లు, బేతంచెర్ల, యర్రగుంట్ల వైపు నాపరాతి గనుల్లో బండ మీద పడినవాళ్లు, 44వ నంబరు జాతీయ రహదారి మీద బైకుతో దెబ్బతిన్నవాళ్లు, బీపీ ఉందని తెలియకుండానే పొద్దున్నే ఒక పక్క పడిపోయినవాళ్లు. ఎముక విరిగితే పుత్తూరు కట్టుకు పోతాం, నరం దెబ్బతింటే ఎక్కడికి పోవాలో తెలియక కర్నూలు పెద్దాసుపత్రికో, కడప రిమ్స్‌కో, స్తోమత ఉంటే రాయవేలూరుకో పోతాం. ప్రాణం దక్కుతుంది. కాలు మెత్తగా, వేలాడుతున్న స్థితిలో మనిషిని ఇంటికి తెస్తాం.

కొన్ని వారాలు గడుస్తాయి. ఒకరోజు దుప్పటి సరిచేస్తుంటే కాలు ఒక్కసారిగా ఎగురుతుంది. 'కాలు కదిలింది!' ఇల్లంతా లేచి కూర్చుంటుంది. మొక్కులు తీర్చుకుంటారు. నెల తిరిగేసరికి ఆ ఎగరడమే రోజూ జరుగుతుంది, మోకాలు చాపితే చాపనివ్వదు, పాదం కిందికి వంగి బిగుసుకుంటుంది. 'కాలు గుంజుతాంది', 'చెయ్యి బిగుసుకపోయింది' అన్న మాటలు అప్పుడు మొదలవుతాయి. ఆశ ఎంత వేగంగా వచ్చిందో అంత వేగంగా పోతుంది, దానితో పాటు వ్యాయామం చేయించే ఓపిక కూడా పోతుంది.

ఇక్కడ ఒక న్యాయం చెప్పాలి. ఆ కుటుంబం పూర్తిగా పొరబడలేదు. మెదడుకు దెబ్బ తగిలిన పక్షవాతంలో కోలుకోవడం ఏ వరుసలో జరుగుతుందో థామస్ ట్విచెల్ అనే పరిశోధకుడు 1951లో అదే 'బ్రెయిన్' పత్రికలో వివరించాడు. కోలుకున్నవాళ్లలో ముందు మెత్తదనం పోయి బిగుతు వచ్చింది, తర్వాత చేయి మొత్తం ఒకే మూసగా ముడుచుకునే కదలిక వచ్చింది, ఆ తర్వాతే విడివిడి కదలికలు వచ్చి బిగుతు తగ్గుతూ పోయింది. అంటే పక్షవాతంలో తొలి బిగుతు కోలుకునే దారిలో ఒక మజిలీ కావచ్చు. కొందరు ఆ మజిలీ దాటుతారు, చాలామంది అక్కడే ఆగిపోతారు. వెన్నుపాము పూర్తిగా దెబ్బతిన్న మనిషి కాలు ఎగరడం అయితే వేరే సంగతి. అక్కడ కాలు కదిలింది గానీ, మనిషి కదిలించలేదు. ఈ తేడాను డిశ్చార్జి రోజు ఐదు నిమిషాలు కూర్చోబెట్టి చెబితే ఆ ఇంటి నడక వేరుగా ఉంటుంది.

'ఊపిరి' ఈ తేడాను చెప్పకపోగా, ప్రశ్నే లేకుండా చేసింది. నాగార్జున నటన అంతా మెడ పైనే ఉంది, కళ్లతో, పెదవి కొసతో పాత్రను నిలబెట్టాడు, ఆ నిగ్రహానికి గౌరవం ఉంది. కానీ మెడ కింద దేహం అలంకరించిన బొమ్మలా ఉంటుంది. సూటు నలగదు. పాదం కుర్చీ పలక మీద సరిగ్గా నిలుస్తుంది. ఫ్రెంచి మూలంలో ఒక ప్రసిద్ధ దృశ్యం ఉంది. కొత్తగా వచ్చిన సహాయకుడు, ఈయనకు నిజంగానే స్పర్శ లేదా అని వేడి టీని కాలి మీద పోసి చూస్తాడు. ఆయనకు తెలియదు, కాలు కదలదు, ప్రేక్షకులు నవ్వుతారు. మెడ దగ్గర వెన్నుపాము తెగిన చాలామందిలో జరిగేది ఇది కాదు. వేడి మెదడుకు తెలియదు, నిజమే. కానీ నడుము దగ్గరి వెన్నుపాము ఇంకా బతికే ఉంది, దానికి తెలుస్తుంది. కాలు చటుక్కున ముడుచుకుంటుంది, ఒక్కోసారి కుర్చీ పలక మీంచి జారిపోతుంది. తనకు నొప్పి లేదు, తన కాలు మాత్రం నొప్పికి బదులిస్తోంది. ఆ వింతను చూపించి ఉంటే సినిమాకు ఎంత గొప్ప దృశ్యం దొరికేది!

ఆ బదులు ఎక్కడి నుంచి వస్తుందో తెలుసుకోవడానికి నూరేళ్లకు పైగా పరిశోధన సాగింది. మెదడు కాండాన్ని పైభాగం నుంచి వేరుచేసిన జంతువుల కాళ్లు కర్రల్లా బిగుసుకోవడాన్ని షెరింగ్టన్ అనే శాస్త్రజ్ఞుడు 1898లో వివరించాడు. కండరాన్ని సాగదీస్తే అది ముడుచుకుని ఎదురు తిరుగుతుందని, అది వెన్నుపాము స్థాయిలో జరిగే ప్రతిచర్య అని 1924లో లిడెల్ అనే మరో పరిశోధకుడితో కలిసి చూపించాడు. 1980లో ఆస్ట్రేలియా వైద్యుడు జేమ్స్ లాన్స్ ఇచ్చిన నిర్వచనంలో ఒక మాట మన ఇండ్లకు నేరుగా పనికొస్తుంది: స్పాస్టిసిటీలో ఎదురు తిరగడం సాగదీసే వేగాన్ని బట్టి పెరుగుతుంది. మెల్లగా చాపితే లొంగే చెయ్యి, గుంజితే బిగుస్తుంది. 'బలంగా లాగితేనే నరం తెగి వదులవుతుంది' అని ఒంటికాలు మీద నిలబడి లాగే మర్దనవాళ్లు మా ఊళ్లలో ఉన్నారు. ఆ లాగుడు బిగుతును రెచ్చగొడుతుంది, పక్షవాతం వచ్చిన భుజాన్నయితే కీలు దగ్గరే జార్చుతుంది. ఇది మానేయడానికి ఒక్క రూపాయి ఖర్చు లేదు.

2010లో 'నేచర్ మెడిసిన్' పత్రికలో వచ్చిన పరిశోధన ఒకటి నన్ను బాగా కదిలించింది. మామూలుగా మెదడు కాండం నుంచి సెరటోనిన్ అనే రసాయనం వెన్నుపాముకు దిగుతూ ఉంటుంది, కదలిక నరకణాలు దాని ఊతంతో చురుగ్గా ఉంటాయి. వెన్నుపాము తెగితే ఆ రాక ఆగిపోతుంది. అందుకే మొదట కాలు మెత్తగా పడి ఉంటుంది. కొన్ని వారాలకు ఆ కణాలు, సెరటోనిన్ రాకపోయినా తమంతట తామే పనిచేసే గ్రాహకాలను తయారుచేసుకుంటాయని ఎలుకల మీద జరిగిన పనిలో తేలింది. కె.సి. కాలువకు నీళ్లు రాని ఏడు రైతు చేనులో బోరు వేసుకున్నట్టే ఇది, కాకపోతే ఈ బోరుకు ఆపే స్విచ్చి లేదు. కణాలు మేల్కొన్నాయి, కానీ వాటిని నిదానించమనే మాట పైనుంచి రాదు. అదే ఏడాది అదే పత్రికలో మరో బృందం, నరకణాలను శాంతపరిచే యంత్రాంగం కూడా గాయం తర్వాత బలహీనపడుతుందని చూపింది. అంటే బిగుతు ఒట్టి చెడిపోవడం కాదు. తెగిన దానికి వెన్నుపాము తన శక్తి మేరకు చేసుకున్న సర్దుబాటు కూడా. దాన్ని పూర్తిగా చంపేసే మందు వెతకడం ఒక్కటే పరిశోధన కాకూడదని నాకు అనిపించడానికి కారణం ఇదే.

పైగా ఆ బిగుతు కొందరికి ఆసరా. బలం లేని కాలు బిగుసుకుని ఉండబట్టే దాని మీద భారం మోపి రెండడుగులు వేసేవాళ్లున్నారు. మందు ఎక్కువై కాలు వదులైతే కూలబడిపోతారు. బాక్లోఫెన్ మాత్ర ఈ జబ్బులో అందరికీ తెలిసిన మందు. 1962లో మూర్ఛకు మందు వెతుకుతూ తయారుచేశారు, బిగుతుకు పనికొచ్చింది. చవకైనదే. కానీ ఇంట్లో డబ్బులు అయిపోయి ఒక్కసారిగా ఆపేస్తే ప్రమాదం, మతి తప్పడం, ఫిట్స్ కూడా రావచ్చు. మెల్లమెల్లగా తగ్గించాలన్న మాట మాత్రల పట్టీ మీద తెలుగులో ఉండదు. కండరంలోకి ఇచ్చే బొటులినమ్ ఇంజెక్షన్ ప్రభావం సుమారు మూడు నెలలు ఉంటుంది, ఖర్చు కూలి బతుకులకు అందేది కాదు.

మన ప్రాంతానికి ప్రత్యేకమైన ఒక సంగతి రెండు రచనల్లోనూ లేదు, ఉండాలని అడగడం కూడా సబబు కాదు, కానీ చెప్పకుండా పోలేను. వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లలో గాయం కిందిభాగంలో ఏ ఇబ్బంది కలిగినా బిగుతు పెరుగుతుంది: మూత్రనాళంలో చీము, మలబద్ధకం, మంచం పుండు, గోరు చర్మంలోకి గుచ్చుకోవడం. కర్నూలు, కడప ఎండల్లో, నీళ్లు బిందెల లెక్కన వచ్చే వీధుల్లో, మూత్రపు గొట్టం ఉన్న మనిషి నీళ్లు తక్కువ తాగడం మామూలు. పదేపదే మార్చాల్సి వస్తుందని తానే తగ్గించుకుంటాడు. మూత్రం చిక్కబడుతుంది, చీము పడుతుంది, కాళ్లు గుంజడం మొదలవుతుంది. ఇంట్లోవాళ్లు కాళ్లకు నూనె రాస్తారు, జబ్బు మూత్రసంచిలో ఉంటుంది. మందు మోతాదు పెంచేముందు మూత్రం చూడమనడం ఇక్కడ ఇంకా ముఖ్యం. నీటి సంగతి వచ్చింది కాబట్టి ఇంకొకటి. బోరునీటిలోని ఫ్లోరైడు ఏళ్ల తరబడి ఒంట్లో చేరి వెన్నెముకను, దాని బంధనాలను మందంగా చేస్తుంది, లోపలి వెన్నుపాము నలిగి కాళ్లు బిగుసుకుంటాయి. మన దేశంలో ఈ ఫ్లోరోసిస్‌తో 1937లో తొలిసారి వైద్య పత్రికకు ఎక్కింది అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని మన పొదిలి, దర్శి వైపు మనుషులే. ఏ ప్రమాదమూ జరగకుండా, తాగే నీటితోనే కాళ్లు బిగుసుకుపోయినవాళ్ల కథ మీద సినిమా నేను ఇంకా చూడలేదు.

ఇంతవరకు వచ్చాక బ్రోడాల్ గెలిచాడనిపిస్తుంది. దేహం విషయంలో నిజమే, పోటీ లేదు. కానీ పక్కమనిషి విషయంలో త్రాసు 'ఊపిరి' వైపు మొగ్గుతుంది, బలంగా మొగ్గుతుంది.

బ్రోడాల్ వ్యాసంలో ఫిజియోథెరపిస్టు ఒక చెయ్యి మాత్రమే. ఆ మనిషి ముఖం కనబడదు. ఆయనను మంచం మీంచి ఎవరు లేపారు, ఎవరు స్నానం చేయించారు, రాత్రి ఎవరు మేల్కొన్నారు, దాన్ని వాళ్లు ఎలా భరించారు అన్నది శాస్త్రానికి సంబంధం లేని విషయంగా బయటే ఉండిపోయింది. 'ఊపిరి' మొత్తం ఆ బయటి విషయం మీదే నిలబడింది. కథలో అసలు ప్రశ్న విక్రమాదిత్య నడుస్తాడా అన్నది కాదు, అతణ్ని జాలి లేకుండా ఎవరైనా పలకరిస్తారా అన్నది. శీను జాలిపడడు. పొరపాట్లు చేస్తాడు, కోపం తెచ్చుకుంటాడు, నవ్విస్తాడు, మనిషిగా చూస్తాడు. పడిపోయినవాడికి ఇంట్లో చిన్నపిల్లవాడి హోదా ఇచ్చే మన అలవాటును ఇంత సూటిగా ఎదిరించిన తెలుగు సినిమా నాకు వేరే గుర్తుకు రావడం లేదు. 'నాయనా, నోరు తెరువు' అని అరవై ఏళ్ల మామకు అన్నం పెట్టే కోడలి ప్రేమను నేను తక్కువ చేయను. కానీ ఆ మామకు భూమి పత్రాల మీద అభిప్రాయం ఉంటుంది, ఎవరూ అడగరు.

అయితే శీనుకు జీతం ఉంది. విక్రమాదిత్య ఇంట్లో మనుషులు మారవచ్చు, డబ్బు ఉంది. ఎత్తడానికి, తిప్పడానికి, కారులో కూర్చోబెట్టడానికి సాధనాలున్నాయి. మన ఇండ్లలో ఆ పని చేసేది భార్య, తల్లి, కోడలు. జీతం లేదు, సెలవు లేదు, నడుము నొప్పి ఉంది. నాపరాతి బండలు పరిచిన అరుగు, గడప ఎత్తు, ఇంటికి దూరంగా మరుగుదొడ్డి. చక్రాల కుర్చీ ప్రభుత్వం ఇచ్చినా తిరిగే చోటు ఉండదు. 2024 జూలై నుంచి ఆంధ్రప్రదేశ్‌లో మంచానికో చక్రాల కుర్చీకో పూర్తిగా పరిమితమైనవాళ్లకు పింఛను నెలకు 15 వేలు అయింది, మిగతా వికలాంగులకు 6 వేలు. ఆ 15 వేలు అనేక ఇండ్లకు నిజమైన ఊపిరి, దాన్ని మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. కానీ మంచం నుంచి కర్ర దాకా మనిషి మెట్లుమెట్లుగా వస్తాడన్న ఎరుక ఆ రెండు అంకెల మధ్య లేదు. చూసుకునే మనిషికి విడిగా ఒక లెక్క కూడా లేదు.

ఈ రెండు రచనలు విడివిడిగా చేసిన పనిని కలిపి చేసిన మనిషి ఒకరు మనకు దగ్గరలోనే ఉన్నారు. కొచ్చిన్‌లో పుట్టిన మేరీ వర్గీస్, వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో యువవైద్యురాలిగా ఉండగా 1954లో కారు ప్రమాదంలో వెన్నుపాము దెబ్బతిని కాళ్లలో చలనం పోగొట్టుకున్నారు. తాను చక్రాల కుర్చీలో కూర్చునే ఉండి, కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేశారు. న్యూయార్కులో పునరావాస వైద్యం నేర్చుకుని వచ్చి, వేలూరులో ఆ విభాగాన్ని నడిపారు. 1966లో అక్కడ పునరావాస కేంద్రం తెరుచుకుంది. 1972లో, బ్రోడాల్ మంచాన పడిన ఏడాదే, ఆమెకు పద్మశ్రీ వచ్చింది. కడప, చిత్తూరుల నుంచి రాయవేలూరుకు పోయే మన జనం ఇప్పటికీ ఆ దారి వెంటే పోతున్నారు. దెబ్బతిన్న దేహం లోపలి నుంచి ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు, బ్రోడాల్‌లాగే. ఇంటికి వెళ్లాక గడప దాటడం ఎలా అన్నది కూడా వైద్యమేనని తెలుసు, అది బ్రోడాల్ వ్యాసంలో లేదు. ఆమె మీద వచ్చిన ఇంగ్లీషు జీవితచరిత్ర చదివిన తెలుగువాళ్లు తక్కువ. ఆమె మీద తెలుగులో ఒక మంచి పుస్తకం రావడం ఎప్పుడో జరగాల్సింది.

ఇక పరిశోధన మాట. బిగుతును కొలిచే పద్ధతి ఇప్పటికీ ఆస్పత్రుల్లో ఎక్కువగా ఆష్‌వర్త్ స్కేలే. 1964లో వచ్చింది, 1987లో సవరించారు. డాక్టరో ఫిజియోనో చెయ్యి పట్టి చాపి, తన చేతికి తగిలిన అడ్డును బట్టి 0 నుంచి 4 వరకు ఒక అంకె వేస్తారు. త్వరగా అయిపోతుంది, పరికరం అక్కర్లేదు, రద్దీగా ఉండే ఓపీలో ఇంకేం చేయగలరు? కానీ ఆ అంకె ఆ నిమిషానిది, ఆ గదిది. నరం వల్ల వచ్చిన బిగుతును, కండరమే పొట్టిదై గట్టిపడిన బిగుతును అది విడదీయలేదు. రోగి ఎంత శ్రమపడ్డాడో, రాత్రి ఏం జరిగిందో చెప్పలేదు. బ్రోడాల్ వ్యాసానికి సరిగ్గా ఎదురుగా నిలిచేది నిజానికి ఈ స్కేలు. ఆయన లోపలి నుంచి పేజీలకు పేజీలు రాశాడు, ఇది బయటి నుంచి ఒక్క అంకె వేస్తుంది.

సాగదీత గురించి కూడా మన నమ్మకాలను సరిచూసుకోవాలి. కీళ్లు బిగుసుకోకుండా సాగదీసే పద్ధతుల మీద జరిగిన ప్రయోగాలను కాక్రేన్ అనే వైద్య పరిశోధనా సంస్థ సమీక్ష 2010లో, మళ్లీ 2017లో ఒక్కచోట చేర్చింది. కొన్ని నెలల పాటు చేసిన సాగదీత వల్ల కీళ్ల కదలికలో చెప్పుకోదగ్గ మేలు కనబడలేదు. ఇది చదివి నిరాశపడి చేతులు కట్టుకోమని కాదు. దేహాన్ని పక్కకు తిప్పడం, పాదాన్ని ఆనించి పెట్టడం వంటివాటికి వేరే అవసరాలున్నాయి. కానీ రోజూ అరగంట లాగితే చాలు అన్న నిశ్చింత మాత్రం పనికిరాదు. కాస్త వేలి కదలిక మిగిలిన పక్షవాత రోగుల్లో, మంచి చేతిని చాలాసేపు కట్టిపెట్టి చెడ్డ చేతితోనే పనులు చేయించిన పద్ధతికి మంచి ఫలితం వచ్చిందని 2006లో అమెరికాలో పెద్ద ప్రయోగం చూపింది. బ్రోడాల్ బో టై దగ్గర కనుక్కున్నది కూడా దాదాపు అదే, పని చేస్తేనే పని వస్తుంది.

కర్నూలు మెడికల్ కాలేజీ 1957 నుంచి ఉంది. దాని ఆస్పత్రికి కర్నూలు నుంచే కాదు, గద్వాల, రాయచూరు, బళ్లారి వైపుల నుంచి కూడా జనం వస్తారు. కడపలో వైద్య కళాశాల వచ్చి కూడా ఏళ్లయింది. ఇంతమంది రోగులున్న చోట చేయదగ్గ పరిశోధనకు ఖరీదైన యంత్రం అక్కర్లేదు. బ్రోడాల్ వ్యాసం ఒకే ఒక్క రోగి మీద, ఆ రోగి ప్రొఫెసర్ కాబట్టి తన మాట తానే అచ్చువేసుకోగలిగాడు. కోవెలకుంట్లలోనో రాయచోటిలోనో భర్తను ఏళ్లుగా పక్కకు తిప్పుతున్న ఆడమనిషికి, బిగుతు ఏ పక్క నుంచి మొదలవుతుందో, ఏ నెలలో పెరుగుతుందో బాగా తెలుసు. ఆమెను అడిగి రాసుకున్న కాగితం ఎక్కడా లేదు. కేసు షీటులో ఆష్‌వర్త్ అంకె పక్కన ఆమె మాటకు ఒక గడి పెట్టాలి: రాత్రి ఎన్నిసార్లు లేచింది, ఎటు తిప్పితే కాలు వదులైంది, నిన్న ఆయన ఎన్ని గ్లాసుల నీళ్లు తాగాడు, మూత్రం రంగు ఎలా ఉంది, చేతిని పట్టి కదిలించాక అదే కదలిక తానే చేయగలిగాడా. ఆ గడిని ఆమె చెప్పిన మాటల్లోనే, ఆమె యాసలోనే నింపాలి.